నలభై ఒకటో నంబరు చెట్టులో జుట్టు చిలువ

మా వైపు ఎవరైనా సెలవు పెట్టి ప్రయాణం కట్టారంటే అన్నవరం వ్రతానికో, ఎవరిదో పెళ్లికో అనుకోవాలి. తొంభై తొమ్మిది ఆగస్టులో నేను ఐదు రోజులు సెలవు పెట్టి ఒక బాతుని చూడ్డానికి వెళ్లాను. సెలవు చీటీలో మాత్రం "సొంత పని" అని రాశాను. అది అబద్ధమేమీ కాదు. ఆ బాతు గుడ్లు పెట్టిన చెట్టు మీద నంబరు వేసింది నేనే.

అంతకు ముందు ఏడాది వేసవిలో, డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, ఒక కాంట్రాక్టరు దగ్గర కాలువ గట్ల మీది చెట్లు లెక్క రాసే పని చేశాను. నంబరు, జాతి, చుట్టుకొలత, ఎత్తు, వాలు, స్థితి. ఈ ఆరు గడుల్లో మూడు నెలలు బతికాను. పొద్దున్నే టేపు, తెల్లరంగు డబ్బా పట్టుకుని గట్టెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే దిగేవాణ్ణి. అంత హాయిగా నేను ఇంకే ఉద్యోగమూ చెయ్యలేదు. తర్వాత రాజమండ్రిలో ఒక ఆఫీసులో డ్రాయింగులు గీసే పనిలో చేరాను.

ఆగస్టులో ఓ బుధవారం ఆ ఆఫీసుకే ఇన్‌లాండ్ కవరు వచ్చింది. రాసింది ఏసురత్నం గారు. కొల్లేటి వైపు ఒక చిన్న లాకు దగ్గర లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం పుస్తకంలో రాయడం ఆయన పని. సర్వే రోజుల్లో ఆయన గదిలోనే పడుకునేవాణ్ణి. ఉత్తరం ఇంతే: "మీరు నంబరు వేసిన నలభై ఒకటో చెట్టు తొర్రలో జుట్టు చిలువ గుడ్లు పెట్టినది. శనివారము చెట్లు కొట్టువారు వచ్చెదరు. ఇది ముందు నుంచి అనుకున్నదే గాని మీకు తెలియవలెనని వ్రాసితిని. ప్రభువు కృపవలన అందరము క్షేమము."

ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లి పక్షుల పుస్తకం తీయించాను. జుట్టు చిలువ మామూలు బాతు కాదు. చెట్టు కొమ్మ మీద కూర్చుంటుంది, చెట్టు తొర్రలోనే గుడ్లు పెడుతుంది. మగదాని ముక్కు మీద నల్లటి కండ బొడిపె ఉంటుంది, అది వానాకాలంలో ఉబ్బి పెద్దదవుతుంది. ఆడదానికి బొడిపె ఉండదు, ఒళ్లు కూడా చిన్నది. పొదిగేది ఆడదే, సుమారు నెల రోజులు. పిల్లలు పుట్టిన మర్నాడో ఆ మర్నాడో తొర్రలోంచి కిందికి దూకేస్తాయి. ఇవన్నీ రాసుకున్నాక, నలభై ఒకటికి నేను రాసిన వివరాలు గుర్తు చేసుకున్నాను. నిద్రగన్నేరు. చుట్టుకొలత పదకొండు అడుగులు. రోడ్డు వైపు వాలు. స్థితి: ఎండినది, ప్రమాదకరం, తీసివేయవచ్చు.

గోదావరి మీద

గురువారం పొద్దున్న పాసింజరు ఎక్కాను. పాత వంతెన మీద రైళ్లు ఆపేసి అప్పటికి రెండేళ్లు. కొత్త కమానుల వంతెన మీంచి చూస్తే కింద ఎర్రనీళ్లు, వరద. కొవ్వూరులో ఒకావిడ బుట్టలో పులసలు చూపించింది. ఒక్కోటి మూడు వందలు. నా నెల జీతంలో అది ఎన్నో వంతో లెక్క కట్టుకునేలోపు బండి కదిలింది.

ఎదుటి సీట్లో అత్తిలి పెద్దాయన కాళ్ల మధ్య గోనెసంచి పెట్టుకున్నాడు. అందులో పండిన తాటికాయలు. పెట్టెంతా అదే వాసన. నిడదవోలు వచ్చేసరికి తాటి బూరెలకి పిండి ఎంత కలపాలో, బెల్లం ఎప్పుడు వెయ్యాలో చెప్పేశాడు. తణుకులో ఫ్యాక్టరీ గొట్టం పొగ లేకుండా నిలబడి ఉంది. చెరకు ఆడే రోజులు కాదు.

"ఎందాకండీ తమరు?" అన్నాడు.

చెప్పాను.

"బాతుని చూడ్డానికా? చూసి?"

"చూడ్డానికేనండి."

"కూరకి కాదా?"

"కాదండి."

ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "పెళ్లయిందా అండీ?" అని అడిగాడు. కాలేదన్నాను. "మరేనండి" అన్నాడు, అంతా అర్థమైపోయినట్టు. దిగేటప్పుడు ఒక తాటికాయ నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. ఆ రాత్రి భీమవరం లాడ్జిలో దాని వాసనకి పక్క గదివాళ్లు తలుపు కొట్టి, అదేమిటో కనుక్కుని, సగం పంచుకున్నారు.

లాకు దగ్గర

శుక్రవారం బస్సు దిగాక ఎనిమిది కిలోమీటర్లు అద్దె సైకిలు. ఆ ఊరి పేరు రాయను. పిట్టలున్న చోటు పేరు పుస్తకంలో పడితే తుపాకులు కూడా దారి కనుక్కుంటాయి.

వెళ్లగానే ఒక తప్పు చేశాను. బురద కాళ్లతో ఉన్నానని గట్టు దిగి, కనబడిన చెరువులో కాళ్లు పెట్టాను. నలుగురు ఆడవాళ్లు ఒకేసారి కేకలేశారు. అది మంచినీళ్ల చెరువు. మా తుని దగ్గర ఎర్రమట్టి నేలలో నూతులు తవ్వి తాగుతాం. ఇక్కడ ఎటు చూసినా నీళ్లే, కానీ తాగేవి మాత్రం ఆ ఒక్క చెరువులోవే. కాలువకి నీళ్లొదిలినప్పుడు నింపుకుని ఏడాదంతా కాపాడుకుంటారు. సర్వే రోజుల్లో మూడు నెలలు అదే ఊళ్లో తిరిగినవాణ్ణి, ఏడాదికే మర్చిపోయాను.

"నంబర్లేసే ఇంజనీరు గారేనా? చదువుకున్నారు కదండీ!" అంది అందులో ఒకామె, బిందె చంకనెత్తుకుంటూ. ఆమె పేరు మంగతాయారు. నలభై ఏళ్లుంటాయి. నలభై ఒకటో నంబరు కింద ఆమె టీ బడ్డీ. భర్త కొల్లేట్లో చేపల వేటకి వెళ్తే వారానికోసారి వస్తాడు.

ఏసురత్నం గారు గది ముందే ఉన్నారు. ఏడాదిలో ఆయన జుట్టు బాగా నెరిసింది. గదిలో పాత కుక్కి మంచం, గోడ మీద చర్చి క్యాలెండరు, కిటికీలో నేను వదిలేసి వెళ్లిన రంగు బ్రష్షు. అది అక్కడే ఉండటం చూసి నాకు ఎందుకో చాలా సంతోషమైంది. ఆయన మాత్రం కుశలప్రశ్నలు కూడా అడక్కుండా నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, పైకి చూపించారు.

ఆకు ఒక్కటి లేని చెట్టు. తొర్ర ఇరవై రెండు అడుగుల ఎత్తున. దానికి రెండడుగుల పైన రోడ్డు మీదికి చాచిన మొండి కొమ్మ. ఆ కొమ్మ మీద, మేడ పిట్టగోడ మీద ముసలాయన కూర్చున్నట్టు, మగ చిలువ కూర్చుని ఉంది. పెంపుడు బాతు కంటే పెద్దది. తెల్లటి తల మీద సిరా చిమ్మినట్టు నల్ల చుక్కలు. వీపు నలుపే, కానీ ఎండ పడితే ఆకుపచ్చ, ఊదా రంగులు కదిలాయి. ముక్కు మీద బొడిపె కోడిగుడ్డు సగానికి కోసి అంటించినట్టుంది.

"అరవదండీ. చెట్టు మీద కూకోవడమే దానికి పని. పొద్దుటేళ, మళ్లీ సందేళ," అన్నారు ఏసురత్నం గారు. "మా నాన్న రోజుల్లో ఈ గట్టు మీద పదేసి ఉండేవి. ఇది నేను చూసి పన్నెండేళ్లయింది. మీరు వత్తారని తెలుసు."

నలభై ఒకటో నంబరు

బడ్డీలో టీ రూపాయిన్నర. తాయారు గ్లాసు నా ముందు పెట్టి, తన తాటాకుల కప్పు చూపించింది. మధ్యలో కొత్త ఆకులు.

"మొన్న జ్యేష్ఠంలో కొమ్మిరిగి నా పొయ్యి మీద పడిందండీ. రెండడుగులు ఇటు పడితే నా మీదే. మీరు నంబరేసి వెళ్లింది మొదలు ఎదురు చూస్తన్నాను, ఎప్పుడు కొడతారా అని. రేపు కొడతారు. ఇప్పుడు ఈయన మీకు ఉత్తరం రాశాడు."

"కొట్టద్దని రాయలేదే," అన్నారు ఏసురత్నం గారు.

"రాయకపోతే ఈయనెందుకొచ్చాడు?"

నేను నోట్‌బుక్కు తీశాను, ఏదో చూసుకుంటున్నట్టు.

"మీ పుస్తకంలో ఈ చెట్టు కింద ఒక మనిషి బతుకుతోందని రాశారా?" అంది.

"ఆ గడి లేదండి."

"బాతుకుందా గడి?"

"దానికీ లేదు."

"అయితే మేమిద్దరం ఒకటే," అంది, గ్లాసు కడుగుతూ.

ఆమె కోపంలో న్యాయం ఉంది. చెట్టు నిజంగానే ప్రమాదం. మొదలు దగ్గర సుత్తితో కొడితే డొల్లగా మోగింది. ఇప్పుడు తెలియాల్సింది ఒక్కటే, గుడ్లు పగలడానికి ఇంకా ఎన్ని రోజులు? ఇరవై రోజులంటే ఆమెని అడిగే మొహం నాకు లేదు. మూడు రోజులంటే అడగొచ్చు.

దానికి మనిషి గట్టు మీదే ఉన్నాడు. బాతుల మంద తోలే నూకరాజు. నాట్లు పడ్డాక రైతులు బాతుల్ని చేలోకి రానివ్వరు కాబట్టి, ఆ రెండు నెలలు కాలువ పక్కన పాక వేసుకుని ఉంటాడు. మాది తుని అనగానే, "మాది పాయకరావుపేటండీ బాబూ! ఏరు దాటితే మీరే!" అని చేతులు పట్టుకున్నాడు. సాయంత్రం నాలుగూ పదికి ఆడ చిలువ తొర్రలోంచి వెళ్లింది. నూకరాజు చెట్టెక్కి, గుడ్ల మీద అది కప్పిన నూగు తొలగించి లెక్కపెట్టాడు. తొమ్మిది. ఒకటి తువ్వాలులో చుట్టుకుని దిగాడు. తాయారునడిగి, గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోయించి గుడ్డుని వదిలాడు.

ముగ్గురం గిన్నె మీదికి వంగాం. తాయారు దూరంగా పొయ్యి దగ్గరే నిలబడింది.

గుడ్డు తేలింది. కాసేపు ఊరికే ఉంది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే అటూ ఇటూ ఒరిగింది. ఆగింది. మళ్లీ ఒరిగింది.

"కదుల్తోంది!" అంది తాయారు. ఎప్పుడొచ్చిందో మా వెనక ఉంది.

"లోపల కాళ్లాడిస్తోందండీ," అన్నాడు నూకరాజు. "పెంపుడు బాతయితే రెండ్రోజులంటాను. ఇది అడవిది కాబట్టి మూడనుకోండి." గుడ్డు తుడిచి మళ్లీ ఎక్కి పెట్టొచ్చాడు. నాలుగూ యాభైకి తల్లి తిరిగొచ్చింది.

తాయారు గిన్నెలో నీళ్లు పారబోసి, తలెత్తి తొర్ర వంక చూసింది. "సోమారం," అంది చివరికి. "సోమారం సాయంత్రానికి చెట్టు ఉండకూడదు. గాలొచ్చి ఇది పడితే ఆ పిల్లలూ పోతాయి, నేనూ పోతాను."

ఆ సాయంత్రమే బడ్డీ సామాను లాకు గదికి మోశాం. పొయ్యి, బెంచీ, సీసాలు ఆరు, గ్లాసులు పద్దెనిమిది, ఒక రేడియో.

వరస మార్చడం

శనివారం ఏడింటికి చెట్లు కొట్టేవాళ్లు వచ్చారు. మేస్త్రీ జేబులో నా జాబితా నకలు ఉంది. ముప్పై ఎనిమిది నుంచి నలభై ఆరు దాకా వాళ్ల వంతు.

"నలభై ఆరు నుంచి వెనక్కి రండి, నలభై ఒకటి ఆఖర్న కొట్టండి," అన్నాను.

"కాగితంలో వరస ఉంది కదండీ. వరస తప్పితే మా ఓనరు ఊరుకోడు."

"ఆ కాగితం రాసింది నేనే."

మేస్త్రీ నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. సైకిలు, బురద ప్యాంటు, చేతిలో తాయారు ఇచ్చిన తాటి బూరె. "మీరా?" అన్నాడు. ఏసురత్నం గారు గదిలోంచి రంగు బ్రష్షు తెచ్చి చూపించారు, అదేదో ప్రభుత్వ ముద్ర అయినట్టు. మేస్త్రీ నవ్వేసి, మనుషుల్ని తీసుకుని నలభై ఆరు వైపు వెళ్లాడు.

మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. చెట్టు కిర్రుమంది. పడవ కట్టే తాళ్లు రెండు తెచ్చి, మొదలుకి ఎనిమిదడుగుల ఎత్తున చుట్టి, వాలుకి ఎదురుగా, కాలువ వైపున్న తాడిచెట్టుకి బిగించాను. ఎంత బరువు ఆగుతుందో నోట్‌బుక్కులో లెక్క వేశాను. తాయారు వచ్చి తాడుని వేలితో మీటి, "ఇది ఆపుతుందా?" అంది. "లెక్క ప్రకారం ఆపాలి," అన్నాను. ఆమె లాకు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ పూట భోజనం ఏసురత్నం గారింట్లో. చింతచిగురు, రొయ్యలు, ముద్దపప్పు. ఆయన భార్య నేను అడిగినప్పుడల్లా కాదు, అడగనప్పుడల్లా వడ్డించింది. గాలి తగ్గింది. తాళ్లు ఆగాయి. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని, ఈ ఊళ్లోనే ఉండిపోతే ఏమవుతుంది అని ఆలోచించుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆలోచిస్తాను.

వల

ఆదివారం ఏసురత్నం గారు చర్చి నుంచి వచ్చేసరికి నూకరాజు చెట్టు మొదలుకి చెవి ఆనించి ఉన్నాడు. మేమూ ఒకరి తర్వాత ఒకరం ఆనించాం. లోపల సన్నగా, బియ్యం చేటలో రాలినట్టు చప్పుడు. పిల్లలు పెంకులు పగలగొట్టుకుంటున్నాయి.

నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. తొర్ర ఇరవై రెండడుగులు. కింద వేళ్లు, కంకర. అంత ఎత్తు నుంచి పడే వస్తువు నేలని తాకేటప్పటి వేగం గంటకి నలభై కిలోమీటర్లు. గాలి అడ్డు కలపలేదు. లెక్క చూసి నాకే భయం వేసింది.

"వాటికి దూకడం వచ్చండీ," అన్నాడు నూకరాజు. "వేలెడు పిల్ల. దూదిపింజకి లెక్కేంటి?"

"కింద కంకర ఉందయ్యా."

"ఉంటే ఉంది. ఎన్ని చూళ్లేదు!"

నేను వినలేదు. తాయారు దగ్గరికి వెళ్లి వల అడిగాను. వాళ్లింట్లో ఆమె భర్త వేసవిలో కూర్చుని అల్లిన కొత్త వల ఉంది. ఇంకా నీళ్లలో పడలేదు. ఆమె చాలాసేపు వల వంక చూసింది. "చిరిగితే మా ఆయన నన్ను కాదు, మిమ్మల్నే అడుగుతాడు," అని ఇచ్చింది. నాలుగు వెదురు గెడలు పాతి, మోకాలెత్తున వల బిగించాను. సర్కసులో కట్టినట్టు, నాకు చూడముచ్చటగా అనిపించింది. నూకరాజు బీడీ వెలిగించుకుని తన పాక వైపు వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున్న ఏడూ నలభై. ఏసురత్నం గారు, తాయారు, నేను లాకు గది కిటికీ వెనక. ఆడ చిలువ తొర్రలోంచి కిందికి దిగి, చుట్టూ చూసుకుని, కాలువలోకి జారింది. నీళ్లలో ఉండి, గొంతులోనే ఏదో అంది. మాకు వినపడిందో లేదో అన్నంత చిన్నగా.

తొర్ర అంచున ఒక పిల్ల కనబడింది. పసుపూ గోధుమ రంగు నూగు ముద్ద. ఆగలేదు, ఆలోచించలేదు. వేలంత కూడా లేని రెక్కలు చాచి దూకేసింది. వల మీద పడింది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. తాయారు నా జబ్బ గట్టిగా పట్టుకుంది. ఎనిమిది దూకాయి.

ఏడు వల మీద ఉండిపోయాయి. ఒక్కటే అంచుకి తగిలి కంకర మీద పడింది. బంతిలా ఎగిరి, లేచి, పరుగెత్తి కాలువలో దూకింది. దానికేమీ కాలేదు.

మిగతావి కదలట్లేదు. మొదట నాకు అర్థం కాలేదు. వల కన్నుల్లోంచి కాళ్లు కిందికి జారి, తొడల దాకా ఇరుక్కుపోయాయి. గింజుకున్న కొద్దీ దారం వేళ్లకి చుట్టుకుంటోంది. తల్లి నీళ్లలోంచి పిలుస్తోంది. అవి అక్కడే వేలాడుతూ అరుస్తున్నాయి. ఆ అరుపుకి లాకు తలుపుల మీది కాకులు లేచాయి.

నేను పరుగెత్తాను. ఒకదాన్ని విడిపించబోతే దాని కాలు నా వేళ్ల మధ్య అగ్గిపుల్లలా ఉంది. లాగితే విరిగిపోతుంది. ముడి ఎక్కడో తెలియట్లేదు. నా కళ్ల ముందే ఒక కాకి వల అంచు మీద వాలి, చివరి పిల్లని దారంతో సహా లాగి, తెంపుకుని ఎగిరిపోయింది.

"జరగండి!"

తాయారు చేపలు కోసే చాకుతో వచ్చింది. ముడి వెతకలేదు. పిల్ల చుట్టూ వలని వరసగా కోసేసింది. కొత్త దారం టపటపా తెగుతోంది. ఒక పిల్లని, దాని కాళ్లకున్న దారం ముక్కలతో సహా దోసిట్లోకి తీసి నా చేతిలో పెట్టింది. "దారం తియ్యండి, మీకు ఆ పని చేతనవును." నేను ఒక్కొక్క పోగూ తీసి నేల మీద వదిలాను. ఏసురత్నం గారు కర్రకి తువ్వాలు కట్టి కాకుల్ని తోలుతున్నారు. తల్లి నీళ్ల మీద రెక్క విరిగినట్టు కొట్టుకుంటూ, అయినా పిలుస్తూనే ఉంది. రెండు. మూడు. ఐదు. ఆరు.

ఎనిమిదీ ఐదుకి ఆఖరిది నీళ్లలో దూకింది. తల్లి వెనక వరస కట్టి, నీటి మీది గుర్రపుడెక్క పక్కనుంచి అవతలి గట్టు తూటికాడ పొదల్లోకి వెళ్లిపోయాయి. కంకర మీద పడినదానితో కలిపి ఏడు.

వల మధ్యలో పెద్ద కన్నం. తాయారు దాన్ని రెండు చేతులతో పైకెత్తి ఆకాశం వైపు చూసింది.

"నేను..." అన్నాను.

"మీరు మంచి చెయ్యకపోతే ఎనిమిదీ చేరేవండీ," అంది. కోపంగా కాదు. ఉన్నమాట అన్నట్టు. నూకరాజు వచ్చి పరిస్థితి చూసి, నా వంక చూడకుండా గెడలు పీకడం మొదలుపెట్టాడు. నేను లెక్కలో గాలి కలపలేదని ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వాళ్లకి పట్టేది కాదు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది.

సాయంత్రం

మధ్యాహ్నం రెండింటికి మేస్త్రీ మనుషులు వచ్చారు. తాయారు మాట మాటే. రంపం గంటన్నర నడిచింది. చెట్టు తాళ్ల వైపే, ఎవరికీ ఏమీ కాకుండా, కాలువ గట్టు మీద పడింది. మొదలు లోపల డొల్ల రెండడుగుల వెడల్పు. ఒకటి రెండు గాలులకి మించి ఆగేది కాదని మేస్త్రీ అన్నాడు. ఆ ఒక్క విషయంలో నా జాబితా తప్పు కాదు.

తొర్ర దగ్గర కొమ్మ కోయించి చూశాను. అడుగున చెట్టు పొడి, దాని మీద తల్లి తన రొమ్ము నుంచి పీక్కున్న నూగు, పెంకులు, పగలని గుడ్డు ఒకటి. గుడ్డుని నూకరాజు గట్టు మీద గుంట తీసి పూడ్చాడు. మందలో పగలని గుడ్లకి కూడా అలాగే చేస్తాడట. ఎందుకని అడిగితే, "కుక్కలకి రుచి తగిలితే మంద దగ్గరికి వత్తాయండీ," అన్నాడు.

ఐదింటికి బడ్డీ మళ్లీ పాత చోటికి మోశాం. పొయ్యి, బెంచీ, సీసాలు ఆరు, రేడియో. గ్లాసులు పదిహేడు. ఒకటి నా చేతిలో పగిలింది. తాయారు పొయ్యి రాజేసి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పడమటి ఎండ సూటిగా ఆమె మొహం మీద పడుతోంది. చెట్టుకి ఆకులు లేవు కాబట్టి నీడ కూడా లేదని నేను అనుకున్నాను. మొదలుకీ, కొమ్మలకీ ఇంత నీడ ఉండేదని ఆ ఎండలో తెలిసింది. ఆమె చీరకొంగు తల మీదికి లాక్కుంది.

టీ గ్లాసు తీసుకుని నేను మొద్దు మీద కూర్చున్నాను. కొత్తగా కోసిన చెక్క వాసన ఇంకా పోలేదు. ఏసురత్నం గారు నీటిమట్టం రాసుకోడానికి లాకు మీదికి వెళ్లారు.

ఆరు కావస్తుండగా కొల్లేటి వైపు నుంచి మగ చిలువ వచ్చింది. రోజూ ఆ వేళకే వచ్చేది. రెక్కల చప్పుడు ముందు వినపడింది. సరిగ్గా ఆ కొమ్మ ఉండే ఎత్తుకి దిగి, కాళ్లు రెండూ ముందుకి చాపింది. అక్కడ ఏమీ లేదు. గాలిలో తూలి, రెక్కలు బలంగా కొట్టి పైకి లేచింది. గట్టు చుట్టూ తిరిగొచ్చి మళ్లీ అదే ఎత్తుకి దిగింది. మళ్లీ కాళ్లు చాపింది.

తాయారు గరిటె పట్టుకునే నిలబడిపోయింది. "అక్కడే ఉందనుకుంటన్నాడు," అంది.

చిలువ మూడోసారి తిరిగొస్తోంది. నేను టీ గ్లాసు నేల మీద పెట్టి, మొద్దు మీంచి లేచి, పక్కకి వచ్చేశాను. నేను కూర్చున్నానని దిగట్లేదేమో అనుకున్నాను.